మేకులు లేని డేరా

జూలై 2, 1970. నిజామాబాద్

నిన్నటితో దినాలయ్యాయి. ఇవ్వాళ ఇంటికి తాళం పడింది. తలుపుకు అడ్డంగా రేగు కంప కట్టారు. ఆరు నెలలు ఎవరూ గడప తొక్కకూడదట. గంగు పోయిన వేళ ధనిష్ఠ నడుస్తోందట. ఆ నక్షత్రంలో మనిషి పోతే ఇల్లు విడిచిపెట్టాలట, లేకపోతే ఆ ఇంట్లో ఇంకొకరు పోతారట.

నేను ఆ కంప ముందు నిలబడి చూశాను. ఇన్నేళ్లుగా 'నిలదీత' వారపత్రికలో శకునాల మీద రాశాను, వర్జ్యాల మీద రాశాను. పిల్లి ఎదురొచ్చిందని బస్సు ఆపిన డ్రైవరు మీద సంపాదకీయమే రాశాను. ఇప్పుడు నా ఇంటికే కంప.

పురోహితుడితో వాదించాను. "నా భార్య పసిరికల జబ్బుతో పోయింది. నక్షత్రంతో పోలేదు," అన్నాను. ఆయన పంచాంగం మడిచి సంచిలో పెట్టుకుంటూ, "మీ అమ్మగారు అడిగారు, చెప్పాను. మీరు అడగలేదు కదా," అన్నాడు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు మూడు ఉన్నాయి.

ఒక మాట రాసిపెట్టుకోవాలి. ఇది అవ్వ కోసం ఒప్పుకున్నాను. కోడలు పోయి ఆమె సగమైంది, ఇది వాదనకు వేళ కాదు. అవ్వ కోసమే.

తాళంచెవి నేనే ఉంచుకున్నాను. అవ్వ దగ్గర ఉంటే ఎక్కడో పెట్టి మరచిపోతుంది.

ప్రెస్సులో పడుకుంటున్నాం. పిల్లలు కాగితం కట్టల మీద, అవ్వ అచ్చుయంత్రం పక్కన.

జూలై 3

వ్యాసం మొదలుపెట్టాను. "నక్షత్రాలకు మన ఇళ్ల జాడ ఎవరు చెప్పారు?" మొదటి వాక్యం బాగుంది. రెండోది రాలేదు.

జూలై 5

అవ్వ కోటగల్లీలో ఒక ఇల్లు చూసి వచ్చింది.

"రెండు అర్రలున్నయి, బాయి ఉన్నది. ఇంటామెకు మన సంగతి చెప్పిన. ఆరు నెలలకు ఇస్తనన్నది. మంచిదే, పాపం."

"అవసరం లేదు."

"మరి యాడుందాం రా? గీ అచ్చుకొట్టుల పొల్లగాండ్లు ఎన్నొద్దులు పంటరు? పొద్దుమాపు సీసం వాసన."

ఇల్లు కిరాయికి తీసుకుంటే ఓడిపోయినట్టు. రామ్‌దాస్ నక్షత్రానికి జడిసి ఇల్లు మారాడని ఊరంతా చెప్పుకుంటుంది. ఇదంతా అవ్వకు చెప్పాను. చెబుతూ చెబుతూ, నోటికి వచ్చేదాకా నాకే తెలియని మాట ఒకటి అన్నాను.

"మనం క్యాంపు పోతున్నం."

"క్యాంపా? ఎవలొస్తున్నరు, కలెక్టరా?"

స్కౌట్లు పోతారు, కాలేజీ పిల్లలు పోతారు. డేరా వేసుకుని బయట ఉండటం. గాలి, వెలుతురు. బోధన్ దగ్గర కాలువ కింద పున్నయ్యకు చెరకు పొలముంది, అక్కడ ముందుగా ఒక నెల ఉంటాం. ఎవరడిగినా పిల్లల ఆరోగ్యానికని చెప్పవచ్చు. అవ్వ కోరినట్టు ఇల్లు ఖాళీగా ఉంటుంది, నేను కోరినట్టు నక్షత్రం ఊసు ఎక్కడా రాదు. ఇంతకన్నా సరైన ఏర్పాటు ఇంకొకటి చూపించమను ఎవరినైనా.

"వానకాలం రా," అన్నది అవ్వ.

"వానకే డేరా."

సుమిత్ర ఒక్కటే అడిగింది. "బడి, బాపూ?"

ఎనిమిదో తరగతి నెల రోజులు పోతే కొంపలేం మునగవు. ఆ బళ్లలో చెప్పేది కూడా ఏముంది, రాజుల పేర్లు తప్ప. ఈ సంగతి మీద కొంతసేపు మాట్లాడాను. ఆమె పుస్తకాలను మళ్లీ గుడ్డలో కట్టింది.

జూలై 7

డేరా కొన్నాను.

హన్మండ్లు దుకాణం గంజ్ వెనక ఉంటుంది. పెళ్లిళ్లకు షామియానాలు కిరాయికిస్తాడు, సర్కారు వేలంలో పారేసిన డేరాలు కొని అమ్ముతాడు. దినాలకు మా వాకిట్లో షామియానా వేసింది కూడా అతనే. నన్ను చూసి అలవాటు చొప్పున నోరు జారాడు.

"డేరానా? ఏందన్నా, సర్కస్ పెడ్తున్నవా?" అని, వెంటనే టోపీ తీశాడు. "మాఫ్ చెయ్యన్నా. నా నోరు గిట్లనే ఉంటది."

"నలుగురం పండుకోవాలె. వానకు ఆగాలె. ధర అగ్గువ ఉండాలె."

"మూడు అడుగుతున్నవ్. రెండు చెప్పు, ఇస్త."

మొదటిది పోలీసుల ఛోల్దారి. రెండు గుంజలు, మధ్య ఒక అడ్డకర్ర, రెండు వైపులా వాలు. గుడ్డ దళసరిది కానీ అంచులు చీకిపోయాయి. నలుగురు పడుకుంటే ఇద్దరి కాళ్లు బయట ఉంటాయి. లోపల చెమట వాసన, ఎంత మంది కానిస్టేబుళ్లదో.

రెండోది పోచంపాడు ప్రాజెక్టు సర్వేవాళ్ల డేరా. దాన్ని చూపించేటప్పుడు హన్మండ్లు గొంతు మారింది. గుడ్డ రెండు పొరలు. పై పొర మీద పడిన వాన లోపలి పొరకు తగలదు. "ఇంజినీర్లు దీంట్ల సంసారాలు చేసిండ్రన్నా. ఇల్లే అనుకో." చుట్టూ గోడల్లా గుడ్డ కనాతులున్నాయి, కిటికీ ఉంది. లోపల నడుమ ఒక పరదా కూడా ఉంది, అవతల ఇంకో అర్ర. పరదా పక్కకు జరిపి చూశాను. చీకటిగా ఉంది.

"ఇది వద్దు," అన్నాను.

"పైసలకా? తగ్గిస్త."

"వద్దు."

"ఛోల్దారి ధరకే తీస్కపో అన్నా. నీకాడ నేను లాభం చూస్తనా? వదిన చేతి చాయి తాగినోణ్ణి."

"వద్దంటున్న గదా."

అది చాలా బరువు. బండి కావాలి. గుంజలు పాతడానికి నలుగురు మనుషులు కావాలి. అందుకే వద్దన్నాను.

మూడోది మూలన పడి ఉంది. ఎగ్జిబిషన్‌లో ఎరువుల కంపెనీ ఒకటి చేయించుకున్నదట. గుమ్మటం. చీల్చిన వెదురు బద్దలు విల్లులా వంచి నడినెత్తిన ఒకచోట కలిపి కట్టారు, పైన ఎనిమిది ముక్కలు కుట్టిన గుడ్డ. గుంజ లేదు, అడ్డకర్ర లేదు, తాళ్లు లేవు, మేకులు లేవు. పెట్టిన చోట దానంతటది నిలబడుతుంది. లోపల అంతా ఒకటే, గుండ్రం. మూల అన్నదే లేదు.

"ఇది కావాలె."

హన్మండ్లు నడినెత్తి కుట్టు మీద వేలు పెట్టి చూపించాడు. "అన్నా, గిది బొమ్మకు చేసింది. మనుషులు పండుకునేటందుకు గాదు. ఎనిమిది కుట్లు నెత్తి మీద ఒక్కకాడ కలుస్తున్నయి. ఆడికెళ్లి కురుస్తది."

నేను చెప్పాను. గుండ్రటి కప్పు మీద నీళ్లు నిలవవు. నిలవని నీళ్లు కురవవు. ఛోల్దారిలో గుడ్డ జారిన చోటల్లా నీళ్లు గుంట కడతాయి, ఇక్కడ గుంటకు చోటే లేదు. వందల ఏళ్లుగా నిలబడిన గుమ్మటాలు ఈ దేశంలో ఎన్ని లేవు?

"మసీదు గుమ్మటం సున్నంతోని కట్టిండ్రన్నా, సూదితోని కుట్టలే."

నేను ఇంకా చెప్పాను. చివరికి అతను గుడ్డ మడవడం మొదలుపెట్టాడు. "నువ్వు మాట్లాడితే నాకు సమజైతది గానీ, వానకు సమజ్ గావాలె గదా."

మూడింటిలో అన్నిటికన్నా అగ్గువ అదే.

జూలై 8

కుట్లకు మైనం రుద్దాం, నేనూ సుమిత్రా. సాయంత్రానికి వేళ్లు మొద్దుబారాయి. ఏది పట్టుకున్నా పట్టుకున్నట్టు తెలియడం లేదు. నయమే.

జూలై 11. బోధన్

పున్నయ్య గట్టు మీద నిలబడి ఉన్నాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద చెరకు వేసిన మనిషి. నిరుడు తెలంగాణ ఉద్యమం రోజుల్లో, వలస వచ్చిన వాళ్లు మూటలు సర్దుకోవాలని నేను మొదటి పేజీలో రాశాను. ఆ పత్రికకు చందా కట్టి చదివి, బస్సెక్కి నిజామాబాద్ వచ్చి నాతో వాదించి పోయిన వాడు ఇతను ఒక్కడే. అప్పటి నుంచి స్నేహం.

"మమ్మల్ని మూటలు సర్దుకోమన్నారు. ఇవాళ మూటలతో మీరే వచ్చారు. రండి రామ్‌దాసు గారూ, రండి," అన్నాడు.

"ఊరుకోండి," అని అతని భార్య సుబ్బరత్నం కసిరింది. "వారున్న స్థితేమిటి, మీ పరాచికాలేమిటి. అన్నయ్యగారూ, మా పెరటి గది ఖాళీగానే ఉంది. పిల్లలతో ఆ డేరాలో ఏం ఉంటారు?"

నేను నోరు తెరిచేలోగా అవ్వ అన్నది. "గాలి కోసం వచ్చినం తల్లీ. పిల్లలకు గాలి మంచిదట."

అవ్వ అబద్ధం చెప్పడం నేనెప్పుడూ వినలేదు. అది అబద్ధం కూడా కాదు. గాలి మంచిదే.

సీజనులో చెరకు బండ్లు ఆగే మెరక మీద డేరా పెట్టాం. బద్దలు వంచగానే నిలబడింది. లింబాద్రి లోపలికీ బయటికీ ఎన్నిసార్లు తిరిగాడో. ఆరేళ్లవాడికి సరిగ్గా సరిపడే ఇల్లు. "బాపూ, గిది మనదేనా? పండుగకు గూడ మనదేనా?" అన్నాడు.

నాలుగు గంటలకు గాలి వచ్చింది. డేరా లేచింది. ఒక్క మేకు కూడా లేదు కదా, చెరకు మళ్ల వెంట దొర్లుకుంటూ పోయింది. దాని వెనక నేను, సుమిత్ర, లింబాద్రి, చివర కొంగు బిగించి అవ్వ. కలుపు తీస్తున్న ఆడవాళ్లు నడుములు పట్టుకుని నవ్వారు. "ఓ పటేలా, ఇల్లు ఉరుకుతుంది, పట్టు పట్టు!" లింబాద్రి కూడా నవ్వాడు. వాళ్లమ్మ పోయిన తరువాత మొదటిసారి. నాకు నవ్వు వచ్చే చోటు ఎక్కడో తెలుసు కానీ అక్కడికి పోలేకపోయాను.

చుట్టూ రాళ్లు పెట్టాం.

జూలై 14

వాన. నెత్తి మీది కుట్టు దగ్గర ఒక చుక్క ఊరి, పెద్దదై, సరిగ్గా నలుగురి మధ్య పడుతోంది. చెంబు పెట్టాం. నిండితే సుమిత్ర బయట పోసి వచ్చి మళ్లీ అక్కడే పెడుతుంది.

జూలై 15

వ్యాసం మొదలుపెట్టాను. "నక్షత్రాలకు మన ఇళ్ల జాడ ఎవరు చెప్పారు?"

జూలై 22

పత్రిక పని మీద నిజామాబాద్ పోయి వచ్చాను. బస్సు దిగి ప్రెస్సుకు చుట్టు తిరిగి పోయాను. మా గల్లీ మీదుగా పోతే దగ్గరే, కానీ అటు ఎండ ఎక్కువ.

అక్షరాలు కూర్చే బసవయ్య తల ఎత్తకుండా చెప్పాడు. "అన్నా, ఊర్ల ఒక మాట అంటున్నరు. చుక్కకు భయపడి రామ్‌దాసు అడివి పట్టిండని."

"పిల్లల ఆరోగ్యానికి పోయినమని చెప్పలేదా?"

"చెప్పిన."

"ఏమన్నరు?"

"గీ వానల ఆరోగ్యమా అన్నరు."

మూఢులు. ఒక మనిషి సొంత బుద్ధితో ఏదైనా చేస్తే దానికి ఒక దయ్యాన్నో చుక్కనో అంటగడితే తప్ప వీళ్లకు అన్నం అరగదు. ఈ జిల్లాకు కాలువలు వచ్చాయి, చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది, కరెంటు వచ్చింది. ఆ కరెంటు దీపం కిందే కూర్చుని పంచాంగం చూస్తారు. ఈ మాట వ్యాసంలో వాడుకోవాలి.

ఈ వారం పత్రికలో సంపాదకీయం చోట ఎరువుల ధరల పట్టిక వేశాం. బసవయ్య అడగలేదు.

జూలై 30

చెరకు మనిషెత్తు దాటింది. నీళ్ల చప్పుడు. ఏమీ లేదు రాయడానికి.

ఆగస్టు 4

కొత్త మైనం రుద్దాను. తగ్గలేదు. తారు పూయమన్నాడు పున్నయ్య. తారు పూస్తే బద్దలు వంగవు.

ఆగస్టు 9

ఎల్లుండికి నెల అవుతుంది. నెల అంటే ఖచ్చితంగా నెలే కానక్కరలేదు.

సుమిత్ర కాలువలో బట్టలు పిండుతూ అడిగింది. "బాపూ, క్లాసుల మొదటి పరీక్ష అయిపోతది. అవ్వ చూసిన కోటగల్లి ఇల్లు ఇంక ఖాళీనే ఉన్నదట. పోదామా?"

ఇల్లన్నది మనిషిని ఎట్లా కట్టిపడేస్తుందో ఆమెకు చెప్పాను. గోడలు కట్టుకున్న నాటి నుంచే మనిషికి ఆస్తి అనే రోగం పట్టిందని, సంచారం చేసే జాతులకు ఇన్ని భయాలుండవని చెప్పాను. ఇంకా చాలా చెప్పాను. ఆమె చీర కొంగు పిండి, దులిపి, గడ్డి మీద ఆరేసింది. అది వాళ్లమ్మ చీర, అవ్వ కట్టుకుంటోంది.

"సరే బాపూ," అన్నది.

నేను చాలాసేపు మాట్లాడిన తరువాత గంగు కూడా సరిగ్గా ఇట్లాగే అనేది. అదే గొంతు, అదే చోట ఆపి.

నెత్తి కుట్టు మీద రబ్బరు ముక్క అతికించి చూడాలి. సైకిలు ట్యూబుది.

ఆగస్టు 10

రబ్బరు ఆగలేదు.

ఆగస్టు 12

ముసురు. మూడు పూటలుగా తెరిపి లేదు. పొయ్యి అంటుకోవడం లేదు. సుబ్బరత్నం అన్నం, పప్పు పంపింది. లింబాద్రికి దగ్గు.

ఆగస్టు 13

దగ్గు.

ఆగస్టు 14

బోధన్ నుంచి డాక్టరును పున్నయ్య సైకిలు మీద కూర్చోబెట్టుకుని తెచ్చాడు. ఆయన డేరాలోకి వంగి వచ్చి, చెంబును చూసి, పైకి చూసి, నన్ను చూశాడు. "పొడిగా ఉండే ఇంట్లో పెట్టండి," అన్నాడు. మందు రాసిచ్చాడు. సుబ్బరత్నం ఇంకేమీ అడగకుండా పిల్లవాడిని ఎత్తుకుని వాళ్లింటికి నడిచింది. అవ్వ, సుమిత్ర వెనకే పోయారు.

డేరాలో నేనొక్కడినే. ఎంత పెద్దదో ఇవాళ తెలిసింది.

ఆగస్టు 16

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున పున్నయ్య ఇంటికి పోయాను. పిల్లవాడికి జ్వరం తగ్గింది, దగ్గు తగ్గలేదు. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అవ్వ వరండాలోకి వచ్చి చెయ్యి చాపింది.

"తాళంచెవి ఇయ్యి."

"ఎందుకు?"

"ఇంటికి పోతం. పొల్లగాడు తెల్లారినకాడికెళ్లి మనింటికి పోదాం మనింటికి పోదాం అని ఒక్కటే పాట. ఎన్నొద్దులు పరాయోళ్ల ఇంట్ల పడుతం? ఆమె దేవతనే, గని ఆమెకూ సంసారముంది. సుమిత్ర బడి ఆగమైంది. ఇయ్యి."

"అవ్వా," అన్నాను, "ఆరు నెలలన్నరు గదా."

అవ్వ నా వైపు చూసింది.

నేను ఆగలేదు. ఆరు నెలల్లో ఇప్పటికి ఎన్నాళ్లు గడిచాయని అడిగాను. మధ్యలో తలుపు తీస్తే మొదటి నుంచి లెక్క వస్తుందేమో అన్నాను. పెద్దలు ఊరికే పెట్టలేదు, వాళ్ల అనుభవం వాళ్లది అన్నాను. ఊరంతా నమ్మే దాన్ని మనం ఒక్కళ్లం కాలదన్నితే రేపు ఏదైనా జరిగితే ఎవరు జవాబు చెప్పాలి అన్నాను. ఇంట్లో చిన్న పిల్లవాడున్నాడు, వాడి మీద ప్రయోగాలు చేస్తామా అన్నాను. వాదన చక్కగా సాగింది. ఇన్నాళ్లుగా ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయిన వాడికి మాట మీద మాట వచ్చింది. ఎక్కడా తడబడలేదు.

పున్నయ్య స్తంభానికి ఆనుకుని విన్నాడు. "రామ్‌దాసు గారూ, ఈ వాదనకు జవాబు నేను చదివాను. మీ పత్రికలోనే," అన్నాడు.

"మీరు లోపలికి రండి," అన్నది సుబ్బరత్నం. పున్నయ్య తల దించుకుని లోపలికి పోయాడు.

వరండాలో నేనూ అవ్వా మిగిలాం.

"అయిందా?" అన్నది అవ్వ.

నేను చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకున్నాను.

"చుక్క సంగతి నేను చూసుకుంట. దోషముంటె నా మీదికే రానీ, నాకేమన్న ఇర్వై ఏండ్లున్నయా? నువ్వు గది ఫికర్ చెయ్యకు." తరువాత గొంతు తగ్గించింది. "చూడు బిడ్డా. నేను ముందుగాల లోపటికి పోత. నడిమి అర్ర ఊడుస్త. గంగు మంచం వెనుక కొట్టంల వెడ్త. చీరలు పెట్టెల వెడ్త. మందు సీసలు పారేస్త. నువ్వు వాకిట్ల కూసో. నేను పిలిస్తెనే రా. పిలువకుంటె రాకు."

తాళంచెవి ఆ జేబులోనే ఉంది. ఇచ్చాను.

ఇది రాసిన తరువాత జూలై రెండో తారీఖు రాసింది తిరిగి చదివాను. అవ్వ కోసమే అని రెండుసార్లు రాసుకున్నాను.

ఆగస్టు 18. నిజామాబాద్

అవ్వ కంప తీసింది. ముళ్లు గుచ్చుకుని అరచేతిలో రక్తం వచ్చింది, కొంగుకు తుడుచుకుంది. తాళం తీసి లోపలికి పోయింది. పిల్లలు వెనక పోయారు. లింబాద్రి లోపల నుంచి, "అన్నీ ఉన్నయి!" అని అరిచాడు.

నేను వాకిట్లో డేరా పెట్టుకున్నాను. ఇక్కడ గాలి లేదు, రాళ్లు అక్కరలేదు.

ఎదురింటి పెంటవ్వ బిందె చంకన పెట్టుకుని ఆగింది. "ఏం రామ్‌దాసు, ఇల్లు వెట్టుకొని వాకిట్ల పంటున్నవ్? కావలి గాస్తున్నవా?"

గడప లోపల నుంచి అవ్వ జవాబు చెప్పింది. "వానికి గాలి గావాలె అక్కా. డాక్టరు చెప్పిండు."

ఆగస్టు 19

వాకిట్లోనే.

ఆగస్టు 20

సుమిత్ర బడికి పోయింది. లింబాద్రికి దగ్గు తగ్గుముఖం. అవ్వ కంచం తెచ్చి డేరా ముందు పెట్టి, నేను తినే దాకా గడప మీద కూర్చుంటుంది. పిలవదు. నేనూ అడగను.

వెనుక కొట్టంలోకి మంచం పోతున్న చప్పుడు మొన్ననే విన్నాను. కాళ్లు నేల మీద ఈడ్చిన చప్పుడు. ఏ కాలు కుంటుతుందో నాకు తెలుసు.

ఆగస్టు 21

బసవయ్య వచ్చాడు. వ్యాసం అడిగాడు. లేదన్నాను. ధరల పట్టిక వేద్దామా అన్నాడు. వేయమన్నాను. పోతూ పోతూ డేరాను చుట్టూ తిరిగి చూసి, "మంచిగనే ఉందన్నా. కొంచెం కురుస్తది గావచ్చు," అన్నాడు.

ఆగస్టు 23

ఆదివారం. మధ్యాహ్నం నుంచి వాన. చెంబు పెట్టుకుని కూర్చున్నాను. పక్కన పడుకోవడానికి చోటు చాలా ఉంది, అయినా చుక్క పడే చోటికి దగ్గరగానే కూర్చున్నాను, ఎందుకో.

లింబాద్రి తల మీద గోనెసంచి కప్పుకుని వచ్చాడు. వెనక సుమిత్ర.

"బాపూ, లే. డేరా తడుస్తుంది."

"తడువనీ. డేరా తడుస్తనే ఉంటది."

"లోపటికి తీస్కపోతం."

"లోపట ఎక్కడ నిలవెడ్తరు? నేలంతా బండలు. మేకు దిగదు."

"దీనికి మేకులెక్కడియి బాపూ?" అన్నది సుమిత్ర.

వాళ్లు నా అనుమతి కోసం ఆగలేదు. గుడ్డ గుంజేశారు. బద్దలు ఒక్కొక్కటే విప్పి చంకన పెట్టుకున్నారు. నా చుట్టూ ఉన్న ఇల్లు చూస్తుండగానే పోయింది. వాకిట్లో వానలో చెంబు ముందు కూర్చుని మిగిలాను. ఆఖరుకు లింబాద్రి వచ్చి ఆ చెంబు కూడా పట్టుకుపోయాడు.

అరుగు మీద చూరు కిందికి జరిగాను. లోపల వెదురు బద్దలు బండల మీద పడిన చప్పుడు. సుమిత్ర గొంతు, "అటు వంచు. ఇంకొంచెం. నీ కాలు తియ్యి." నెల రోజుల్లో ఆ పిల్లకు ఒక్కతే డేరా వేయడం వచ్చింది. నేను నేర్పలేదు.

తరువాత లింబాద్రి గొంతు, గుడ్డ లోపల నుంచి వచ్చినట్టు. "బాపూ! నిలవడ్డది! దా!"

అవ్వ గడప దగ్గరకు వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ నా వైపు కాక వాన వైపు చూసింది.

"నేను పిలుస్తలేను," అన్నది. "వాడు పిలుస్తున్నడు."

లేచాను. గడప దాటాను. ముందు అర్ర. తరువాత నడిమి అర్ర.

అక్కడ గుమ్మటం ఉంది. గోడ, కిటికీ, గూడు, ఏవీ కనబడకుండా అర్ర నిండా అదే ఉంది. మంచం ఉండిన చోటే. నెత్తి దూలానికి తగులుతోంది. ఎరువుల కంపెనీ పేరు చెరిపేసిన మరక నా ముఖానికి ఎదురుగా ఉంది. వంగి లోపలికి పోయాను.

"ఇంట్ల డేరా ఏందో," అన్నది అవ్వ బయట నుంచి. "పెంటవ్వ చూస్తె ఊరంత చెప్తది." అంటూనే వంగి తనూ వచ్చి, ఎప్పటి చోట, అంచు దగ్గర ఒత్తిగిలింది. ఆమె కట్టుకున్న చీర నుంచి ఇంటి పెట్టె వాసన వచ్చింది. లింబాద్రి నా మోకాలి మీద తల పెట్టాడు. ఒకసారి దగ్గాడు, ఊరుకున్నాడు. పైన పెంకుల మీద వాన పెద్దగా పడుతోంది. చప్పుడు ఎక్కడో దూరంగా ఉన్నట్టుంది. గుడ్డ మీద పడుతున్న వాన కాదు కదా.

సుమిత్ర అలవాటు కొద్దీ చెంబు మా నలుగురి మధ్య పెట్టింది. నెత్తి కుట్టుకు సరిగ్గా కింద.

అందరం కొంతసేపు దాన్నే చూశాం. ఏమీ పడలేదు. అయినా ఎవరం తీయలేదు.